గోలీకి ముందటి పేజీ

అమీర్‌పేట,
3 ఆగస్టు 2005

తమ్ముడు ఓదెలుకు,

కవరు మీద అడ్రసు మీ వదిన స్వరాజ్యంతో రాయించాను. నా చేతిరాత కనబడితే నువ్వు చింపకుండానే పక్కన పెడతావని భయం. ఎట్లాగూ చింపావు కాబట్టి చివరిదాకా చదువు.

ఫోను చేద్దామనుకున్నాను. నీకు వినపడదని మీ కార్ఖానా నర్సింహులు చెప్పాడు. ముప్పై ఏళ్లు సాంచాల మధ్య, ఆ కరెంటు మగ్గాల మోతలో నిలబడి బట్ట నేసిన చెవులవి, ఇంకెట్లా ఉంటాయి. అందుకే ఉత్తరం.

దుకాణం అక్కడే ఉంది, మైత్రీవనం వెనక గల్లీలో. చుట్టుపక్కల ఉన్నదే మారిపోయింది. ప్రతి మేడకూ నాలుగు కంప్యూటరు కోర్సుల బోర్డులు. తుని నుంచి, తెనాలి నుంచి పిల్లలు వచ్చి గదికి ఆరుగురు చొప్పున ఉండి చదువుతారు. చదువు కాగానే ఇంటర్వ్యూకని నా దగ్గర ప్యాంటూ చొక్కా కుట్టించుకుంటారు. పెళ్లికొడుకులు కూడా ఇంత తొందర పెట్టరు.

ఇక నా సంగతి. రెండేళ్ల కింద కుడిచెయ్యి వణకడం మొదలైంది. పని చేస్తున్నప్పుడు కాదు, ఊరికే ఒళ్లో పెట్టుకున్నప్పుడు. బొటనవేలూ చూపుడువేలూ కలిసి లేని దారాన్ని పేనుతున్నట్టు ఉండేది. కొన్నాళ్లకు సూదిలో దారం ఎక్కించలేకపోయాను. ఏ చేతికి వచ్చిందో నువ్వు గమనించే ఉంటావు. ఆ చేత్తోనే అమ్మకు నిప్పు పెట్టాను. తల్లికి చిన్నకొడుకు పెట్టాలి. పెద్దవాణ్ని, నేను పెట్టాను. అందుకే ఈ శిక్ష అనుకుని ఏడాదిపాటు ఏ డాక్టరు దగ్గరికీ పోలేదు.

పోయిన ఏడు మీ వదిన పోరు పడలేక పంజాగుట్ట దవాఖానకు పోయాను. నరాల డాక్టరు ఛాయాదేవి గారు చూసి, ఇది శాపమూ కాదు శిక్షా కాదు, పార్కిన్సన్స్ అనే జబ్బు అన్నారు. మెదడు అడుగున చిన్న నల్లటి మచ్చ ఉంటుందట. అందులోని కణాలు ఒక రసం తయారు చేస్తాయట. ఆ కణాలు చచ్చిపోతుంటే ఒళ్లు మాట వినదట. మొదటి గోలీకి కొంచెం తగ్గింది. తరవాత రెండో గోలీ కూడా ఇచ్చారు, ఈ జూన్ ఇరవైన దాని మోతాదు పెంచారు. ఇప్పుడు దారం మొదటిసారికే ఎక్కుతున్నది.

చెయ్యి తిరిగి వచ్చింది కాబట్టి ఇది రాస్తున్నాను. అమ్మ పోయిన రోజు పెద్దమనుషులు తొందర పెట్టారని, అందుకే నీ కోసం ఆగలేదని నీకు చెప్పాను. అది అబద్ధం. ఐలయ్య మామ ఆగుదామనే అన్నాడు. "చిన్నోడు షోలాపూర్‌ నుంచి రావాలె గద, పొద్దూకేదాంక సూద్దాం" అన్నాడు. వద్దన్నది నేను. రెండున్నరకు అయిపోయింది. నువ్వు నాలుగింటికి వచ్చావు. ఆ అబద్ధాన్ని నమ్మి నువ్వు ఐలయ్య మామ మీద పగ పట్టావు, ఆయన చావుకు కూడా రాలేదు. ఆ సంగతి తెలిసి కూడా నేను నోరు తెరవలేదు.

తప్పు నాది. పన్నెండేళ్ల తరవాత క్షమించమని అడుగుతున్నాను.

మీ అన్న,
శివరాములు


షోలాపూర్,
19 ఆగస్టు 2005

అన్నకు,

అటూ ఇటూ నాలుగు పేజీలు. చిన్నప్పుడు నువ్వు ఒక్కసారే నాలుగు మాటలు మాట్లాడితే అమ్మ నీ నుదురు పట్టి చూసేది, జ్వరమేమోనని.

ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ మరదలు సీతాబాయి ఒక్కసారే చదివి, నా ముఖానికి ఎదురుగా నిలబడి, పెదవులు సాగదీసి, "మీ అన్నకేం పని పడ్డదో అడుగు" అన్నది. నాకు మాటలు అట్లా చూపించాలి. సాంచాలు నా చెవులను తిన్న మాట నిజమే.

కాబట్టి అడుగుతున్నాను. నీకు నాతో ఏం పని పడ్డది?

ఐలయ్య మామ సంగతి రాసి బాగా చేశావో చెడుగా చేశావో నాకు ఇంకా తెలియలేదు. ఆయన నన్ను భుజాన ఎక్కించుకుని సిరిసిల్ల బజారంతా తిప్పినవాడు. ఆయన మీద పన్నెండేళ్లు నేను పెట్టుకున్న కోపం ఇప్పుడు ఎక్కడ పెట్టాలి? నీ మీద పెడదామంటే నువ్వు జబ్బు అంటున్నావు.

నీ నాలుగు పేజీల్లో ఒక్కటి లేదు. వద్దన్నావు. ఎందుకు వద్దన్నావు?

చెయ్యి జాగ్రత్త. గోలీలు వేళకు వేసుకో.

ఓదెలు

ఇంకోటి. నువ్వు పేపరు భాషలో రాశావని నేనూ అదే రాస్తున్నాను. ఇద్దరం అక్షరాలు నేర్చుకున్నది పొట్లాలు కట్టిన పేపర్ల మీదనే కదా.


అమీర్‌పేట,
2 సెప్టెంబరు 2005

తమ్ముడు ఓదెలుకు,

నీతో పనేమీ పడలేదు. నీ జవాబు వచ్చిన రోజు మీ వదిన పాయసం చేసింది.

ఎందుకు అని అడిగావు. దానికి జవాబు రాద్దామని మూడు రోజులుగా పొద్దున్నే కూర్చుంటున్నాను. కూర్చున్న ప్రతిసారీ వేరేదేదో రాసి లేస్తున్నాను. ఇదీ అట్లాగే అయ్యేట్టుంది.

పంజాగుట్ట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలవాడి దగ్గర ఇంటర్ జంతుశాస్త్రం దొరికింది. నాడీ వ్యవస్థ పాఠంలో ఎవరో పిల్ల పెన్సిలుతో గీతలు గీసింది. ఆమె గీసిన చోటల్లా నేనూ ఆగి రెండుసార్లు చదువుతున్నాను. మెదడులో నాడీకణాలు దారం పోగుల్లా ఒకదానికొకటి ముడివేసి ఉంటాయనుకునేవాణ్ని. కాదట. అవి తాకవట. రెండిటి మధ్య వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఖాళీ ఉంటుంది. కబురు ఆ ఖాళీ దాటాలంటే ఇవతలి కణం కొంచెం రసం వదలాలి, అవతలి కణం దాన్ని పట్టుకోవాలి. ఇవతలిది వదలడం మానేస్తే అవతలిది బతికే ఉంటుంది, కానీ దానికి ఏమీ తెలియదు. నాకు తక్కువైన రసం పేరు డోపమిన్. గోలీ చేసే పని దాని వేషం వేసుకుని కబురు చెప్పడం.

ఇది చదివాక నా చెయ్యి మీద నాకు కోపం పోయింది. చెయ్యి చెడ్డది కాదు. దానికి కబురు అందలేదు, అంతే.

నేను రోజూ రాసే పుస్తకంలో ఇప్పుడు కొత్త గళ్లు గీశాను. గోలీ వేసుకున్న వేళ, వణుకు ఎంత, దారం ఎన్నోసారికి ఎక్కింది. నువ్వు నవ్వుతావు. వాన పడ్డదని కూడా రాసుకునేవాడివి అంటావు. డాక్టరు గారు మాత్రం ఆ గళ్లు చూసి మెచ్చుకున్నారు.

మీ వదిన, "ఇంత మాట్లాడుతున్నవ్, ఇన్నేండ్లు గీ మాటలన్ని ఏడ దాచిపెట్టినవ్" అంటున్నది. సంతోషంగానే అంటున్నది.

శివరాములు


షోలాపూర్,
25 సెప్టెంబరు 2005

అన్నకు,

ఈ ఇరవై రోజుల్లో నీ ఉత్తరాలు ఆరు వచ్చాయి. పోస్టుమాన్ నన్ను చూడగానే సంచిలో చెయ్యి పెడుతున్నాడు. ఆరింటిలోనూ నేను అడిగినదానికి జవాబు లేదు. అయినా చదువుతున్నాను. కార్ఖానాలో మధ్యాహ్నం తిండి దగ్గర చదువుతుంటే, ఏంటది, ప్రేమలేఖలా అని సైగ చేస్తున్నారు.

నీ పుస్తకంలో చెవి పాఠం కూడా చదువు. మా చెవి డాక్టరు బొమ్మ చూపించాడు. లోపల నత్తగుల్ల లాంటిది ఉంటుంది. దాంట్లో సన్నటి వెంట్రుకలున్న కణాలు. చప్పుడుకు వంగి వంగి విరిగిపోయాయి. ఇక మొలవవు. విచిత్రం చూడు, ఏమీ వినపడని నాకు సాంచాల చప్పుడు మాత్రం ఆగదు. కార్ఖానా మూసిన రోజు కూడా నా తలలో నడుస్తూనే ఉంటుంది. బయటి నుంచి కబురు రాకపోతే మెదడు తానే ఒకటి కల్పించుకుంటుందని డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు.

నువ్వు మొదలుపెట్టావు కాబట్టి నేనూ ఒకటి చెబుతాను. ఆ రోజు శ్మశానం గేటు దగ్గర మీ అందరి తడిబట్టలు చూశాను. అప్పుడే తెలిసింది, స్నానాలు కూడా అయిపోయాయని. నా చంకలో దుప్పటి ఉంది. అమ్మ మీద కప్పుదామని నేనే నేసినది, ఎర్ర అంచుది. ఆమె చలికని నేసి ఉంచాను, ఆ పనికి కాక ఈ పనికి పట్టుకొచ్చాను. దాన్ని ఎవరూ చూడలేదు. మళ్లీ బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయాను. ఇప్పటికీ పెట్టెలోనే ఉంది.

ఈసారి అమ్మ తిథికి వస్తాను. ఫాల్గుణంలో కదా. ఇద్దరం కలిసి పెడదాం. సీతాబాయి కూడా పొమ్మంటున్నది.

ఓదెలు


అమీర్‌పేట,
14 అక్టోబరు 2005

తమ్ముడు ఓదెలుకు,

వస్తానన్నావు. ఆ మాట పుస్తకంలో రాసుకున్నాను.

పని బ్రహ్మాండంగా ఉంది. నా చెయ్యి ఎంత నెమ్మదిగా, ఎంత సూటిగా పోతున్నదో నువ్వు చూడాలి. పాత కుట్లు నాకే నచ్చడం లేదు. కొంచెం వంకర కనబడినా బ్లేడుతో విప్పి మళ్లీ వేస్తున్నాను. విప్పుతుంటే దారం పుట్ పుట్ మని ఒక్కొక్క కుట్టే వస్తుంది చూడు, అందులో ఎంతో సుఖం ఉంది. గుండీలు కూడా డబ్బాలోంచి తీసి రంగు ప్రకారం వరసగా పెడుతున్నాను, మళ్లీ సైజు ప్రకారం పెడుతున్నాను. గంటలు తెలియడం లేదు.

మీ వదినకు ఏదో విసుగు. ఇంట్లో పని ఎక్కువైంది కాబోలు.

శివరాములు


షోలాపూర్,
8 నవంబరు 2005

అన్నకు,

నర్సింహులు కూతురి ఇంటికని కృష్ణానగర్ వచ్చి, నీ దుకాణానికి వచ్చాడట. తిరిగి వచ్చి నా ఎదుట కూర్చుని కాగితం మీద రాశాడు. ఆ కాగితంలో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"మీ అన్న కుట్టిన బట్టలన్ని ఇప్పుతుండు. ఇప్పి మల్ల కుడుతుండు. మల్ల ఇప్పుతుండు. గిరాకి పోతున్నది. వదిన ఏడుస్తుంది. పలకరిస్తె నవ్వుతుండు, చెయ్యి మాత్రం ఆపుతలేడు."

నీ ఉత్తరాల్లో పని బ్రహ్మాండంగా ఉన్నది. నర్సింహులుకు అబద్ధం రాసే అవసరం లేదు. ఇంకోసారి నా దగ్గర ఏదో దాస్తున్నావు. ఈసారైనా పన్నెండేళ్లు ఆగకుండా చెప్పు.

ఓదెలు


అమీర్‌పేట,
20 నవంబరు 2005

తమ్ముడు ఓదెలుకు,

నర్సింహులు రాసింది నిజం. జరిగింది వరసగా రాస్తాను.

వంశీకృష్ణ అని ఒక పిల్లవాడు, తుని వాడు, ఇంటర్వ్యూకని ప్యాంటు కుట్టించుకున్నాడు. కుట్టడం అయింది, మీ వదిన ఇస్త్రీ చేసి మడతపెట్టింది. పొద్దున తొమ్మిదింటికి వాడు వచ్చేసరికి అది నా బల్ల మీద నాలుగు ముక్కలుగా పరచి ఉంది. నేను ఐదున్నర నుంచి దాన్నే విప్పుతున్నాను.

"మాస్టారూ, ఇది ప్యాంటాండి, ఇండియా పటమాండి?" అన్నాడు. వాడు తమాషా అనుకున్నాడు. "పదిన్నరకి బేగంపేటలో ఇంటర్వ్యూ అండి. ఒక కాలైనా ఇవ్వండి, ఇంకో కాలు రూమ్మేట్ దగ్గర తీసుకుంటాను."

నేను నవ్వి, కూర్చో బాబూ, ఎడమ కుట్టు కొంచెం వంకర ఉండె అన్నాను. అప్పుడు వాడి మొహం మారింది.

"నిన్న చూశానండి. బానే ఉంది కదండి."

మీ వదిన లోపలి నుంచి వచ్చి చూసి, మిషను ముందు కూర్చుని నలభై నిమిషాల్లో దాన్ని కుట్టింది. కింద తురపాయి వేసే టైము లేక పిన్నులు పెట్టి పంపింది. వాడికి ఉద్యోగం వచ్చిందట. అయినా మా మెట్లు మళ్లీ ఎక్కలేదు. వాడు పోయాక మీ వదిన, "ఆర్నెల్ల నుంచి నా జాకెట్లు సుత ఇప్పుతున్నవ్. నేనే మల్ల కుట్టుకుంటున్న. నీకు సంబురమైతున్నదని ఏమంటలేను. ఇగ నాతోని కాదు" అన్నది. జాకెట్లు విప్పిన సంగతి నాకు తెలుసు. ఆమె మళ్లీ కుట్టుకుంటున్న సంగతి తెలియదు. మొదట నేను ఆమెను విసుక్కునేవాణ్ని. ఆ రోజు బ్లేడు కింద పెడదామని చూశాను. పెట్టాను. చెయ్యి మళ్లీ తీసుకుంది. భయం అప్పుడు వేసింది.

ఆ మధ్యాహ్నం నా పుస్తకం ముందు పెట్టుకున్నాను. జూన్ ఇరవైన గోలీ పెంచారు. మొదటిసారి కారణం లేకుండా చొక్కా విప్పింది జులై పదకొండు. ఆగస్టులో వారానికి నాలుగు. సెప్టెంబరు నుంచి రోజూ. మీ వదిన ఆర్నెల్లు అన్నది, పుస్తకంలో నాలుగు నెలలు ఉంది. ఆమెకు ఆర్నెల్లు అయినట్టే ఉంటుంది.

పుస్తకం తీసుకుని పంజాగుట్ట పోయాను. డాక్టరు గారు పేజీలు వెనక్కి తిప్పుతూ జులై దాకా పోయారు.

"ఏంటండీ శివరాములు గారు, ముందే చెప్పొచ్చు కదండీ. వణుకు గురించి అడిగితే వణుకు గురించే చెప్పారు."

"ఇది జబ్బని నాకు తెల్వది మేడం. మంచిగ పని చేస్తున్న అనుకున్న."

ఆ గోలీ చేతికి అందించే కబురు మెదడులో ఇంకో దారిలో కూడా పోతుందట. ఏదైనా చేస్తే హాయిగా అనిపించి మళ్లీ చెయ్యమనే దారి అది. కొందరికి ఆ దారిలో మోత ఎక్కువవుతుందని ఈమధ్యే డాక్టర్ల పత్రికల్లో రాస్తున్నారట. కొందరు పేకాటలో పడతారట, కొందరు అక్కర్లేనివి కొంటూనే ఉంటారట. "కుట్లు విప్పేవాళ్లని మాత్రం మిమ్మల్నే చూస్తున్నానండీ" అన్నారు. ఒక్కసారి ఆపకూడదు, వారం వారం తగ్గిద్దాం అన్నారు.

అప్పుడు అడిగాను. "మేడం, ఉత్తరాలు సుత గీ గోలీతోనేనా?"

"ఎవరికి రాస్తున్నారు?"

"మా తమ్మునికి. పన్నెండేండ్లు మాటల్లేవు. ఆగస్టు మూడు నుంచి పందొమ్మిది రాసిన."

"అది మంచిదే కదండీ. దాన్నెందుకు ఆపడం?"

"ఆపుడు కాదు మేడం. రాస్తున్నది నేనా, గోలీయా?"

ఆమె పుస్తకం మూసి నా చేతికిచ్చారు. "దానికి నా దగ్గర పరీక్ష లేదండీ. మందు తగ్గాక ఏది మిగులుతుందో మీరే రాసుకోండి."

ఓదెలూ, ఇది నీకు చెప్పకుండా దాచవచ్చు. దాస్తే మొదటి అబద్ధానికి ఇది రెండోది అవుతుంది. నిన్ను క్షమాపణ అడిగిన తేదీ కూడా నా పుస్తకంలో జూన్ ఇరవైకి తరవాతే ఉంది.

శివరాములు


షోలాపూర్,
1 డిసెంబరు 2005

అన్నకు,

అయితే నన్ను క్షమాపణ అడిగింది ఒక గోలీ.

నీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టి మళ్లీ చదివాను. చొక్కా విప్పినట్టే విప్పావు, గుండీలు పేర్చినట్టే పేర్చావు. అన్ని మాటలున్నాయి. నేను అడిగిన ఒక్క మాట లేదు. ఎందుకు వద్దన్నావో నువ్వు చెప్పలేదు, నీ గోలీ కూడా చెప్పలేదు.

నీ జబ్బు మీద నాకు కోపం లేదు. వదిన కష్టానికి బాధగా ఉంది. కానీ నేను మా కార్ఖానాలో పదిమందికి చెప్పుకున్నాను, మా అన్న రాశాడని. తిథికి వస్తానన్నాను. ఇప్పుడు ఎవరి ఇంటికి రావాలి?

గోలీ దిగేదాకా నాకు రాయకు. దిగాక రాయాలనిపిస్తే రాయి. అనిపించకపోతే దాన్నే జవాబు అనుకుంటాను.

ఓదెలు


అమీర్‌పేట,
9 ఫిబ్రవరి 2006

తమ్ముడు ఓదెలుకు,

అక్షరాలు చీమల్లా ఉన్నాయి, మన్నించు. పెద్దగా మొదలుపెట్టినా పోను పోను చిన్నవవుతాయి. ఈ జబ్బులో అంతేనట. ఇది నాలుగు రోజులుగా రాస్తున్నాను.

ఆ గోలీ పూర్తిగా తీసేశారు. మొదటిది ఉంది. వణుకు వచ్చింది. బ్లేడు ముట్టి నెల దాటింది, విప్పాలని లేదు. రాయాలని కూడా లేదు. అబద్ధం చెప్పను. డిసెంబరు నుంచి నీ ఉత్తరం ఎదురుగా పెట్టుకుని కూర్చుని, తేదీ ఒక్కటే వేసి లేస్తున్నాను. మునుపటిలాగే. నేను మళ్లీ నేనే అయ్యాను.

అయితే నాకు ఒకటి గుర్తొచ్చింది. నా పాత పుస్తకాలు గుడ్డపేలికల మూట కింద ఉన్నాయి. 1993ది తీశాను. ఆ పేజీ పుస్తకంలోంచి చింపి దీనితో పెడుతున్నాను. ఇది గోలీకి ముందటిది.

శివరాములు

(పేజీ)

24-2-93, బుధవారం. పొద్దున ఆరింటికి అమ్మ పోయింది. మిషను మూత తియ్యలేదు. తమ్ముడికి కార్ఖానా ఫోనుకు కబురు చేశాను. ఐలయ్య మామ ఆగుదామన్నాడు. వద్దన్నాను. రెండున్నరకు పంజాగుట్ట శ్మశానం. నాలుగింటికి తమ్ముడు వచ్చాడు. పెద్దమనుషులు ఆగలేదని చెప్పాను.

అమ్మ మంచాన పడ్డ ఏడాదీ నేనే ఎత్తి కూర్చోబెట్టాను. చివరి నాలుగు రోజులు ఓదెలూ అనే పిలిచింది. నేను నీళ్లు పట్టినా ఓదెలూ అన్నది. నా పేరు రాలేదు. నిప్పైనా నేను పెట్టాలనుకున్నాను. తప్పు. రేపు చెప్పాలి.

25-2-93. రెండు చొక్కాలు కటింగ్. చెప్పలేదు.

26-2-93. మబ్బు. చెప్పలేదు.

27-2-93. చొక్కాలకు కాజాలు. చెప్పలేదు.

6-3-93. పదకొండో రోజు అయింది. తమ్ముడు బస్సెక్కాడు. కిటికీ దాకా పోయాను. చెప్పలేదు.


షోలాపూర్,
18 ఫిబ్రవరి 2006

అన్నకు,

పేజీ అందింది. అప్పుడు నీ రాత ఎంత గుండ్రంగా ఉండేది.

ఆ రోజు కిటికీ దగ్గరికి వచ్చావు. నాకు గుర్తుంది. అప్పటికి చెవులు సగం ఉన్నాయి. నువ్వు ఏదో అన్నావేమో, బస్సు చప్పుడులో నాకు వినపడలేదేమో అని షోలాపూర్ దాకా అనుకుంటూ పోయాను. ఏమీ అనలేదన్నమాట.

అమ్మ నా పేరు పిలిచిందని నాకు ఎవరూ చెప్పలేదు. పన్నెండేళ్లు ఆ మాట నీ దగ్గరే ఉండిపోయింది. నీకు ఏ మాట నొప్పి పెట్టిందో అదే నాకు కావలసిన మాట. ఆ పేజీ చదివాక నేను సాంచ ఆపి కాసేపు బయట నిలబడ్డాను. ఏడాది పాటు ఆమెను ఎత్తి కూర్చోబెట్టినవాడివి నువ్వు. దగ్గర ఉన్నవాడి పేరు పిలవాల్సిన పనేముంది, పిలిచేది దూరాన ఉన్నవాణ్నే కదా. ఇది నువ్వు అప్పుడే చెప్పి ఉంటే నేను అప్పుడే ఈ మాట అనేవాణ్ని.

కోపం అంతా పోయిందని రాయను. ఐలయ్య మామకు నేను బాకీ పడ్డ చావు చూపు ఎట్లాగూ తీరదు. సిరిసిల్ల పోయి ఆయన ఇంటివాళ్లకు ఈ సంగతి చెప్పాలి. ఇద్దరం పోవాలి. చెప్పేది నువ్వు.

అమ్మ తిథి మార్చి రెండు, తదియ. ముందురోజే రావచ్చు. రాను. ఆ రోజు ఎక్కిన పొద్దుటి బస్సే ఎక్కుతాను. మైత్రీవనం దగ్గర దిగి నడిచి వస్తాను. నాలుగు కావచ్చు, ఇంకా ఆలస్యం కావచ్చు. అమ్మకు పెట్టే ముద్ద నా చేత్తో పెడతాను.

ఎర్ర అంచు దుప్పటి తెస్తున్నాను. నీ వణుకు చలికి కాదని నాకు తెలుసు, అదంతా నువ్వే రాశావు. అయినా కప్పుకో.

ఓదెలు


అమీర్‌పేట,
23 ఫిబ్రవరి 2006

(కార్డు)

ఓదెలుకు,

వంట అయినా ఇస్తరాకు వెయ్యవద్దని స్వరాజ్యానికి చెప్పాను. దుకాణం ముందర కుర్చీ వేసుకుని కూర్చుంటాను.

ఆగుతాను.

అన్న